తుప్పు పట్టించిందెవరు?

"ఈ గన్ను మీదేనా?"

"అవునండీ."

"ఇలా చేయడానికి మనసెలా ఒప్పిందండీ మీకు?"

అడిగిన అమ్మాయిని ఆ మైదానంలో అందరూ పానా అంటారు. ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది కానీ దాన్ని వాడేవాళ్లు లేరు. చిన్నప్పటి నుంచీ చేతిలో ఏదో ఒక పానా పట్టుకుని ఇంట్లో వస్తువులన్నీ ఊడదీస్తుంటే మావయ్య సరదాకి అలా పిలవడం మొదలెట్టాడు. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, ఫోనెత్తితే ఆమె కూడా "హలో, పానా మాట్లాడుతున్నా" అనేస్తుంది.

మైదానం మావయ్యదే. రంగు గుళ్లు నింపిన గన్నులు పట్టుకుని, పాత టైర్ల చాటునా చెక్క గోడల చాటునా దాక్కుంటూ, ఒకళ్లనొకళ్లు కాల్చుకునే పెయింట్‌బాల్ ఆట అక్కడ జరుగుతుంది. తగిలితే దెబ్బ కన్నా మరక ఎక్కువ. మైదానం చివర రేకుల షెడ్డులో గన్నులు బాగుచేసే పని పానాది. ఆ పనిలో ఆమెకి వంక పెట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఎదురుగా నిలబడ్డ కుర్రాడు కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్ష చేస్తాడు. షాపువాళ్లంతా ఒక జట్టుగా ఆదివారాలు ఆడటానికి వస్తారు. జట్టులో అతని ముద్దుపేరు చత్వారం. పొడుగ్గా ఉంటాడు, నవ్వితే ఒక బుగ్గ మీదే సొట్ట పడుతుంది. ఆ సంగతి గమనించినందుకు పానాకి తన మీదే విసుగొచ్చింది.

ఆమె బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, గన్ను వెనకున్న పిన్ను లాగి, లోపలి భాగాలు ఒక్కొక్కటీ పెట్టింది.

"ఇది స్ప్రింగు. కొత్తలో వెండిలా మెరుస్తుంది. ఇప్పుడు చూడండి, డికాషన్‌లో నానబెట్టినట్టుంది. దీన్ని హ్యామర్ అంటారు. ముందుకెళ్లి కొడితేనే గాలి వదులుతుంది, గుండు బయటికొస్తుంది. ఒంటినిండా తుప్పే. ఎలా కదులుతుందనుకున్నారు?"

"కదలట్లేదనే తెచ్చానండీ."

"నీళ్లతో కడిగారా?"

"లేదండీ!"

"వానలో ఆడి తడి బ్యాగులో పడేశారా?"

"తుడిచే పెట్టానండీ. కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ ఉంటుంది చూడండి, దాంతో."

"మరి తుప్పెలా పట్టింది?"

"అది మీరు చెప్తారని వచ్చాను."

బుగ్గ మీద సొట్ట పడింది. పానా తల వంచుకుని స్ప్రింగును బ్రష్షుతో గట్టిగా రుద్దింది. కాస్త ఎక్కువ గట్టిగానే రుద్దింది.

తర్వాత పాఠం మొదలుపెట్టింది. ఈ పాఠం ఆమె అందరికీ చెప్తుంది. ముందున్న గొట్టం అల్యూమినియంది, దానికి తుప్పు పట్టదు. ప్రమాదమంతా లోపలి స్టీలు భాగాలకే. గుండు పగిలి రంగు లోపలికి కారితే తడి గుడ్డతో తీసేయొచ్చు, కానీ ఆ వెంటనే పొడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక దీనికని అమ్మే నూనె చుక్క వేసి వేలితో పల్చగా రాయాలి. ఇంట్లో ఉన్న నూనెలు పోస్తే రబ్బరు రింగులు ఉబ్బిపోతాయి. బ్యాగు జిప్పు మూసే ముందు లోపల చెమ్మ లేదని చూసుకోవాలి.

"అర్థమైందా?"

"అయ్యిందండీ. రబ్బరు రింగులు ఉబ్బుతాయి."

"నేను చెప్పినదాంట్లో అదొక్కటే గుర్తుందా?"

"మిగతాది మళ్లీ వచ్చినప్పుడు చెప్పండి."

ఆమె పని పూర్తిచేసింది. స్ప్రింగు కొత్తది వేసింది, హ్యామర్‌ని అద్దంలా చేసింది, నూనె రాసింది. మెరిసే గన్నును అతని చేతిలో పెట్టి, ఇక దీనికి ఏడాది దాకా ఢోకా లేదనుకుంది.

మరుసటి బుధవారం, షాపులో అతని వంతు సెలవు రోజున, అతను మళ్లీ షెడ్డు ముందు ప్రత్యక్షమయ్యాడు.

"ఏమండీ... మళ్లీ బిగుసుకుపోయింది."

పానా నవ్వింది, హాస్యమాడుతున్నాడనుకుని. గన్ను విప్పాక నవ్వు ఆగిపోయింది. స్ప్రింగు మీద గోధుమరంగు మచ్చలు. నూనె జాడ కూడా లేదు.

"నేను రాసిన నూనె ఏమైంది?"

"నన్నడుగుతారేంటండీ? నేను విప్పను కూడా లేదు."

ఆమె తల గోక్కుంది. వానాకాలం కదా, గాల్లో చెమ్మ ఎక్కువ ఉందేమో అనుకుంది. కొత్త బూట్ల డబ్బాల్లో చెమ్మ పీల్చడానికి వేసే చిన్న పొట్లాలుంటాయే, అవి గుప్పెడు తెచ్చి అతని బ్యాగులో వేసింది. ఆ పై వారం కూడా తుప్పే. బ్యాగు మార్పించింది. తుప్పే. కొంతమంది వాడే గ్యాసు సిలిండర్ వల్ల లోపల చల్లబడి తడి చేరుతుందని విన్నది గుర్తొచ్చి, "మీరు గ్యాసా, గాలా?" అని అడిగింది.

"ఏంటండీ?"

"సిలిండర్‌లో!"

"ఓ, అదా. గ్యాసే."

దాన్ని తీయించి గాలి సిలిండర్ పెట్టించింది. అయినా తుప్పే.

పానాకి మతిపోయింది. అదే షెడ్డులో అదే నూనె రాసిన గన్నులు గోడకి వరసగా వేలాడుతున్నాయి. వాటిలో ఒక్కదానికీ మచ్చ లేదు. ఈ ఒక్కటే ఎందుకిలా? అన్నం తింటూ తుప్పు గురించే ఆలోచించింది. బస్సులో కూర్చుని తుప్పు గురించే ఆలోచించి దిగాల్సిన చోటు దాటిపోయింది. తిరిగి నడుచుకుంటూ వస్తుంటే, ఆలోచన తుప్పు దగ్గర మొదలై బుగ్గ సొట్ట దగ్గరికి ఎప్పుడు వెళ్లిందో ఆమెకే తెలియలేదు.

బుధవారాలు మాత్రం బాగుంటున్నాయి. అతను రేకుల షెడ్డులో స్టూలు మీద కూర్చుంటాడు. బయట వాన రేకుల మీద దంచుతుంటే మాట వినపడక ఇద్దరూ దగ్గరికి జరిగి అరుచుకుంటారు. అతను షాపుకొచ్చే వాళ్ల కబుర్లు చెప్తాడు. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని కళ్లజోడు పోయిందని గొడవ చేసిన పెద్దాయన గురించి, నల్లద్దాలు పెట్టుకోవడానికే కళ్లు మసకబారాయని అబద్ధమాడే కాలేజీ పిల్లల గురించి. ఆమె నవ్వుతూనే స్ప్రింగులు రుద్దుతుంది. వాన తగ్గినా అతను వెంటనే లేవడు. ఆమె పని అయిపోయినా వెంటనే చెప్పదు.

ఈ తతంగమంతా టికెట్ల కిటికీలోంచి చూస్తున్నది వదిన. మావయ్య కూతురు, పానా కన్నా పెద్దది. లోకంలో ప్రేమ వ్యవహారాలన్నీ తనకు తెలుసని గట్టి నమ్మకం.

"ఏమే, ఆ చత్వారం మళ్లీ వచ్చాడా?"

"గన్ను పాడైంది వదినా. అసలు నాకేమీ అర్థం కావట్లేదు. నూనె సరైనదే, సిలిండర్ మార్చాం, బ్యాగు మార్చాం. ఇంకేం మిగిలింది?"

"మనిషి మిగిలాడు."

"అంటే?"

"అంత తెలివైనదానివి, ఇదే తట్టలేదా? కావాలనే తడుపుతున్నాడే! బాగైపోతే బుధవారం ఇక్కడికి ఏం చెప్పి వస్తాడు?"

పానా తల అడ్డంగా ఊపింది. "ఛ! ఎవరైనా సొంత గన్నును చేతులారా పాడు చేసుకుంటారా?"

"చేసుకుంటారమ్మా. ముదిరితే ఇంకా చాలా చేసుకుంటారు."

ఆ మాట ఆమె చెవిలో దూరి కూర్చుంది. ఒక పక్క ఒళ్లు మండింది. మంచి స్టీలును నీళ్లలో ముంచడానికి ఆ మనిషికి చేతులెలా వచ్చాయి! ఇంకో పక్క, అద్దం ముందు జడ వేసుకుంటూ తనలో తనే నవ్వుకుంది. కోప్పడాలా, సంబరపడాలా? రెండూ ఒకేసారి వస్తే ముఖం ఎలా పెట్టాలి? ఆ వారం ఆమె ముఖం ఎటూ కాకుండా ఉండటం చూసి మావయ్య "పంటినొప్పా?" అని అడిగాడు.

బుధవారం అతను వచ్చి గన్ను బల్ల మీద పెట్టాడు. ఆమె విప్పింది. తుప్పు. ఓరకంట అతన్ని చూసింది. అతను కూడా ఓరకంట ఆమెనే చూస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

"మళ్లీ పట్టిందండీ," అన్నాడు, ఏదో రహస్యం తెలిసినవాడిలా.

"పడుతుంది లెండి," అంది ఆమె, తనకీ రహస్యం తెలిసినట్టు.

తర్వాత వచ్చిన ఆదివారం పెద్ద పోటీ. చుట్టుపక్కల జట్లన్నీ వచ్చాయి. కళ్లజోళ్ల షాపు జట్టు ఎవరూ ఊహించని విధంగా చివరి ఆట దాకా నెట్టుకొచ్చింది. ఆ ఆటలో ఒక్కొక్కరే రంగు పూసుకుని బయటికెళ్లిపోగా, ఇటు చత్వారం ఒక్కడే మిగిలాడు. అటు కూడా ఒక్కడే మిగిలాడు. మధ్యలో జెండా.

పానా కంచె పట్టుకుని ముందుకు వంగింది. చత్వారం టైర్ల చాటు నుంచి మెరుపులా లేచాడు. ఎదుటివాడు అటు తిరిగి ఉన్నాడు, ఇంతకన్నా మంచి అదను దొరకదు. గన్ను ఎత్తి ట్రిగ్గర్ నొక్కాడు.

టిక్.

గుండు రాలేదు. మళ్లీ నొక్కాడు. టిక్. ఎదుటివాడు తీరిగ్గా వెనక్కి తిరిగి, అతని ఛాతీ మీద పసుపురంగు మరక వేసి, జెండా తీసుకుని వెళ్లిపోయాడు.

షాపు జట్టువాళ్లు తలలు పట్టుకున్నారు. చత్వారం మాత్రం రంగు తుడుచుకుంటూ షెడ్డు దగ్గరికొచ్చి, కోపం లేకుండా, పైగా నవ్వుతూ, గన్ను బల్ల మీద పెట్టాడు.

"సారీ అండీ," అంది పానా. బుధవారమే కదా బాగుచేసింది, ఆమె గుండె చెరువైపోతోంది. "ఎలా జరిగిందో..."

"పర్లేదండీ. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీరు పని సగంలో ఎందుకు వదిలేస్తున్నారో. నేనేమీ అనుకోలేదు. నిజానికి నాకు బాగా నచ్చింది. కాకపోతే ఇవాళ ఒక్కరోజు పూర్తిగా చేసి ఉంటే..."

పానా చెవులు గుయ్‌మన్నాయి.

"నేను పని సగంలో వదిలేస్తున్నానా?"

"అంటే... నేను మళ్లీ రావాలని..."

"నేను! పని! సగంలో!" ఆమె గొంతుకి పక్క షెడ్డులో రంగు గుళ్లు లెక్కపెడుతున్న మావయ్య కూడా తొంగి చూశాడు. "ఈ గోడకి వేలాడే గన్నులు చూడండి. ఒక్కదాని మీద మచ్చ చూపించండి, ఈ క్షణమే ఈ పని మానేస్తాను! మీరు రాత్రింబవళ్లు నీళ్లలో ముంచి తెస్తూ, నన్నంటారా?"

"నేను ముంచడమేంటండీ?"

"నటించకండి. బుధవారం బుధవారం ఇక్కడికి రావడానికి గన్ను కావాలని తడుపుతున్నారు. నాకంతా తెలుసు. తెలిసీ ఊరుకున్నాను."

"ఎందుకు ఊరుకున్నారు?"

ఆమె ముఖం ఎర్రబడింది.

"ఒట్టండీ," అన్నాడతను అయోమయంగా. "నేనొక్క చుక్క నీళ్లు కూడా పోయలేదు."

"నేను కూడా ఒక్కరోజు పని ఎగ్గొట్టలేదు."

ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ఆమె తన కోసం పని పాడుచేస్తోందని ఇన్నాళ్లూ మురిసిపోయినవాడు, అలాంటిదేమీ లేదని ఇప్పుడే తెలుసుకున్నాడు. అతను తన కోసం గన్ను పాడుచేసుకుంటున్నాడని మురిసిపోయిన పానాకి కూడా అదే క్షణంలో ఆ సంబరం కాస్తా పోయింది. ఇద్దరూ ఒకళ్ల ముందు ఒకళ్లు ఇంత తేలికైపోయాక, ఇంక మాట్లాడటానికి ఏముంటుంది?

"వస్తానండీ," అన్నాడు.

"ఊఁ," అంది.

గన్ను తీసుకుని వెళ్లిపోయాడు. ఆ బుధవారం రాలేదు.

రాకపోతే పోనీ. కానీ తుప్పు సంగతి? తన పనికి వంక పడింది. అది తేలకపోతే ఆమెకి ముద్ద దిగేలా లేదు. మావయ్య దగ్గర అతని ఇంటి చిరునామా తీసుకుంది. అతను షాపులో ఉండే వేళ చూసుకుని, గురువారం పొద్దున నేరుగా అతని ఇంటికి బయల్దేరింది. ఇంట్లో గోడలు చెమ్మగా ఉన్నాయా, బ్యాగు పెట్టే చోట నీళ్లు కారుతున్నాయా, చూసి రావాలి, అంతే. అంతేనని దారి పొడుగునా తనకి తను చెప్పుకుంది.

మేడ మీది వాటాలో తలుపు తీసింది పొట్టిగా, చురుగ్గా ఉన్న పెద్దావిడ. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఉంది. చేతుల నిండా సబ్బు నురగ.

"ఎవరమ్మాయ్ నువ్వు?"

"గన్ను బాగుచేసేదాన్నండీ. మైదానం నుంచి..."

పెద్దావిడ కళ్లు చిన్నవి చేసి చూసింది. "ఓహో. పని సరిగ్గా రాని పిల్లవి నువ్వేనా?"

పానాకి ఏడుపొక్కటే తక్కువ.

"లోపలికి రా తల్లీ, గుమ్మంలో నిలబడతావేం. నేను వాడి బామ్మని. ఏమీ అనుకోకు, నాకు మనసులో దాచుకోవడం చేతకాదు. వేరే చోట చూపించుకోరా, ఆ పిల్లకి పని రాదు అంటే వినడే! 'లేదు బామ్మా, నేర్చుకుంటుందిలే, నేను అక్కడికే వెళ్తా' అంటాడు."

ఆ మాటకి పానా గుండెలో ఏదో కలుక్కుమంది. కానీ దాని గురించి ఆలోచించే వీలు లేకపోయింది. ఎందుకంటే ఆమె చూపు బాల్కనీ మీద పడింది.

బాల్కనీలో తాడు మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. రెండు తువ్వాళ్లు, ఒక చొక్కా, ఒక జత మేజోళ్లు. ఆ మేజోళ్ల పక్కన, బట్టల క్లిప్పుకి వేలాడుతూ, టపటపా నీళ్లు కారుస్తూ, ఒక స్ప్రింగు.

"బామ్మగారూ," అంది పానా, తాడు వైపు వేలు చూపిస్తూ. "అదేంటి?"

"అదా? వాడి తుపాకీలోది. ఆదివారం ఆడొచ్చి, ఒళ్లంతా రంగుతో ఆ బ్యాగు మంచం కింద తోసేసి పడుకుంటాడు. బుధవారం మీ దగ్గరికి వెళ్లొచ్చినా అంతే, జిడ్డు జిడ్డుగా తెస్తాడు. ఇంట్లో జిడ్డు ఉంటే నాకు నిద్ర పడుతుందా? వాడటు వెళ్లగానే తీసి సబ్బు నీళ్లలో శుభ్రంగా కడిగేస్తాను."

"విప్పడం మీకెలా తెలుసు?"

"వెనకో పిన్నుంది కదే! లాగితే అన్నీ ఊడొస్తాయి. కుక్కర్ మూత కన్నా తేలిక. వాడి వస్తువు ముట్టుకుంటే అరుస్తాడని, ఆరాక మళ్లీ ఎక్కడివక్కడ సర్దేస్తాను. ఎండే సరిగ్గా రాక చస్తున్నాను. ఎంత తోమినా గోధుమరంగు మరకలు వస్తున్నాయని ఇవాళ మళ్లీ కడిగాను. ఆ ఇనుమే మంచిది కాదనుకుంటా."

పానా స్టూలు వెతుక్కుని కూర్చుంది. నవ్వు తన్నుకొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. పెద్దావిడ మొదట తెల్లబోయి, తర్వాత ఎందుకో తెలియకుండానే తనూ నవ్వడం మొదలెట్టింది.

"ఎందుకు నవ్వుతున్నావో చెప్పి నవ్వవే!"

చెప్పింది. స్టీలుకి నీళ్లు పడవని చెప్పింది. చేతిసంచీలోంచి నూనె సీసా తీసి, తాడు మీది స్ప్రింగును పొడి గుడ్డలో చుట్టి నొక్కి, ఫ్యాను గాలికి ఆరబెట్టి, ఒక్క చుక్క వేసి వేలితో రాసి చూపించింది. ఆ జిడ్డే దానికి కాపలా అంది. బామ్మ కళ్లజోడు సవరించుకుని శ్రద్ధగా చూసింది. రెండోసారి తనే చేసింది. పానా చేసినదానికన్నా పల్చగా రాసింది.

"అయితే ఇన్నాళ్లూ నీ పని చెడగొట్టింది నేనా!" నాలుక కరుచుకుంది బామ్మ. "రానీ వాణ్ని, ఆ పిల్లకి పని దివ్యంగా వచ్చురా అని నేనే చెప్తాను."

బామ్మ చెప్పినట్టే ఉంది. ఆదివారం చత్వారం జట్టుతో వచ్చి, షెడ్డు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మా బామ్మ..."

"తెలుసండీ."

"మీ పని గురించి అలా అన్నందుకు..."

"పర్లేదండీ. నేను కూడా అన్నాను కదా."

"గన్ను ఇప్పుడు బాగుందండీ."

"మంచిదండీ."

అంతే. ఇద్దరూ మర్యాదకి మారుపేరులా మాట్లాడుకున్నారు. ఆ ఆదివారం గన్ను చక్కగా పేలింది. బుధవారం వాన కురిసింది. స్టూలు ఖాళీగా ఉంది. తర్వాతి బుధవారమూ అంతే. బామ్మ చేతిలో పడ్డ గన్నుకి తుప్పు పట్టే యోగం ఇక లేదు.

పానా సంతోషించాలి. తన పని గెలిచింది. మరి ఈ దిగులేమిటి? అతను తన కోసం ఏమీ పాడుచేయలేదు, అదంతా తన ఊహ. ఊహలో చూసి ఇష్టపడిన మనిషి నిజంగా లేడు. లేని మనిషి కోసం వాన శబ్దం వింటూ గుమ్మం వైపు చూస్తుంటే, దాన్నేమంటారు?

గురువారం వదిన టీ గ్లాసులతో వచ్చి పక్కన చతికిలబడింది.

"నీవల్లే వదినా. కావాలని తడుపుతున్నాడు అన్నావ్. అన్నీ కథలు."

"తడపలేదు, సరే. తప్పు నాదే." వదిన ఊదుకుంటూ టీ తాగింది. "కానీ నాకొక సందేహం. నీ పని చెత్తగా ఉందని అతను నమ్మాడా లేదా?"

"నమ్మాడు. అదే కదా నా మంట."

"బామ్మ వేరే చోటికి పొమ్మందా లేదా?"

"అంది."

"మరి ప్రతివారం గన్ను పట్టుకుని ఇక్కడికి వచ్చిందెవరు? బామ్మా?"

పానా టీ గ్లాసు నోటి దగ్గర ఆగిపోయింది.

"పని రాని మెకానిక్ దగ్గరికి పనిగట్టుకుని వచ్చేవాణ్ని ఏమంటారో నువ్వే చెప్పు. పోనీ నువ్వు? పని అయిపోయాక కూడా అయిపోయిందని చెప్పకుండా, ఒకే స్ప్రింగును ఎంతసేపు తుడిచేదానివి? నా కిటికీలోంచి అన్నీ కనిపిస్తాయమ్మా."

పానా గ్లాసు కింద పెట్టింది. లేచింది. చేతుల నూనె తుడుచుకుంది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది.

"ఎక్కడికే?"

"కళ్లు చూపించుకోవాలి."

"నీ కళ్లకేమైంది?"

"ఏమీ కాలేదు," అనేసి వెళ్లిపోయింది.

ఆ రోజు షాపు కిటకిటలాడుతోంది. పరీక్ష గది బయట బెంచీ మీద కూర్చుని ఆమె గోళ్లు చూసుకుంది. గోళ్లలో నూనె నలుపు. కడుక్కుని రావాల్సింది. ఏం చెప్పాలి? గన్ను గురించి అడిగితే? బామ్మ గురించి అడిగితే? అసలు తిరిగి వెళ్లిపోతే? ఆలోచన తెగక ముందే లోపల్నుంచి పిలుపొచ్చింది.

అతను ఏదో రాసుకుంటూ తలెత్తకుండానే "కూర్చోండి, గడ్డం ఇక్కడ ఆనించండి" అన్నాడు. తలెత్తాడు. చేతిలో పెన్ను జారి కింద పడింది.

"మీరా?"

"చూపు సరిగ్గా లేదండీ," అంది పానా, మిషను మీద గడ్డం ఆనించి.

అతను పెన్ను కోసం వంగి, బల్లకి తల కొట్టుకుని, లేచి, లైటు ఆర్పబోయి ఫ్యాను ఆపాడు. చివరికి ఎలాగో పరీక్ష మొదలుపెట్టాడు. చిన్న వెలుతురు ఆమె కళ్లలో పడింది. దాని వెనకాల అతని ముఖం, జానెడు దూరంలో.

"పైకి చూడండి... కిందికి... ఇప్పుడు నా చెవి వైపు చూడండి."

ఆమె చూసింది.

"చెవి వైపన్నాను."

"అటే చూస్తున్నాను."

"లేదండీ."

గోడ మీది అక్షరాలన్నీ చదివించాడు. ఆఖరి వరసలోని చీమ తలకాయంత అక్షరాలు కూడా ఆమె తడుముకోకుండా చదివేసింది. అతను అద్దాల పెట్టె మూసేశాడు.

"మీ కళ్లకేమీ లేదండీ."

"తెలుసు."

"మరెందుకు వచ్చారు?"

"మీరు రావడం మానేశారని."

గదిలో ఫ్యాను తిరగట్లేదు. ఇద్దరికీ చెమటలు పట్టాయి.

"ఏం చెప్పి రానండీ?" అన్నాడతను మెల్లిగా. "గన్ను బాగుంది. బామ్మ దాన్ని దేవుడి పటంలా తుడుస్తోంది. రెండుసార్లు మీ గేటు దాకా వచ్చి వెనక్కెళ్లాను. మీరు నాకోసం ఏమీ చేయలేదు, అదంతా నేను ఊహించుకున్నాను. ఇంక ఏ ముఖం పెట్టుకుని రావాలి?"

"నేను కూడా ఊహించుకున్నాను కదా."

"మీరు పని బాగా చేస్తారని తెలిసిన రోజు నేను అన్నం తినలేదు తెలుసా?"

పానాకి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "నాకంతా గందరగోళంగా ఉందండీ. మీరు తడుపుతున్నారనుకున్నప్పుడు కోపం వచ్చింది, ఇష్టంగానూ ఉంది. తడపలేదని తెలిశాక ఆ ఇష్టం కూడా పోవాలి కదా? పోలేదు. ఎంత చూసినా అలాగే ఉంది. ఇదేంటో నాకు తెలీట్లేదు. తెలిశాకే వద్దామనుకుంటే ఎప్పటికీ రానేమోనని, తెలియకుండానే వచ్చేశాను."

అతను అద్దాల పెట్టె పక్కకి జరిపాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు, గోళ్లలో నూనె నలుపుతో సహా. ఆమె లాక్కోలేదు.

"నాకైతే తెలుసండీ," అన్నాడు. "మొదటిరోజు మనసెలా ఒప్పిందని తిట్టారు చూడండి, అప్పుడే తెలుసు. మీకు చెప్పడమే తెలీలేదు."

బయటి నుంచి ఎవరో పెద్దాయన తలుపు తట్టాడు. "బాబూ! ఇంకెంతసేపు? పాపం ఆ అమ్మాయికి చూపు అంతగా పోయిందా?"

"లేదండీ, అయిపోవచ్చింది!" అని కేకేసి, అతను హడావుడిగా లైటు వేశాడు. ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసేసరికి వెనక నుంచి అతని గొంతు వినిపించింది.

"షాపు మూసేదాకా ఉంటావా?"

ఉంటారా అనలేదు. అతనికి ఆ సంగతి తెలిసినట్టు కూడా లేదు. పానా వెనక్కి తిరిగి చూసి, తలూపి, బయటికొచ్చి, బెంచీ మీద పెద్దాయన లేచిన చోట కూర్చుంది.